యుద్ధం ముగిసిన తర్వాత సైనికుని బాధ్యత

సైన్యానికి అప్పగించే పనులు ముఖ్యంగా రెండు విధాలు. శత్రుసేనను ఓడించడం మొదటిది. కలహించుకునే వర్గాల మధ్య నిలిచి ప్రజల ధనమాన ప్రాణాలను కాపాడడం రెండవది. యుద్ధంలో శత్రువెవరో సైనికునికి తెలుసు. శాంతిరక్షణలో ఎదుట ఉన్నది సామాన్య జనం. తుపాకీ ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నదే అక్కడి చిక్కు. అందుచేతనే శాంతిరక్షణ యుద్ధంకన్నా కష్టమని భావించే సైనికులు ఉన్నారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. నేడు మంచిర్యాల జిల్లాలో ఉన్న బెల్లంపల్లి, 1948లో హైదరాబాదు సంస్థానంలోని ఊరు. ఆ ఏడు సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. అయిదు రోజుల్లో పోరాటం ముగిసింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నరు అయ్యారు. ప్రభుత్వం దీనికి పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. కాని జరిగింది యుద్ధమే. శాంతిరక్షణ అవసరం ఆ తర్వాతనే ఎక్కువయింది.

రజాకార్ల దౌర్జన్యాలకు ప్రతీకారం, వాటితో ఏ సంబంధమూ లేని ముస్లిములపై పడింది. ప్రధాని నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులు ఆ సంవత్సరాంతంలో సంస్థానంలో పర్యటించారు. మృతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉంటుందని వారి అంచనా. ఈ సంఖ్యపై భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు ప్రచురించలేదు. కొన్నిచోట్ల సైనికులు దోపిడీలో పాల్గొన్నారనీ, గుంపులను ప్రోత్సహించారనీ అందులో ఉంది. ఇతరచోట్ల సైన్యమే ముస్లిములను కాపాడిందని కూడా ఉంది. హిందూ నేతపనివారు ప్రాణాలకు తెగించి ముస్లిం నేతపనివారిని రక్షించిన సంగతినీ ఆ నివేదిక మరువలేదు.

ఒకే సైన్యం, రెండు విధాల నడవడి! యుద్ధం ఆగిందని చెప్పినంత మాత్రాన సైనికుని మనసులోని శత్రువు మాయం కాడు. ఎవరిని కాపాడాలో, ఎవరిని ఆపాలో స్పష్టమైన ఆజ్ఞ ఉండాలి. దాన్ని అమలుజరిపే అధికారి ఉండాలి.

అయితే చేతులు కట్టివేయడమూ పరిష్కారం కాదు. 1994 జనవరిలో రువాండాలోని ఐక్యరాజ్యసమితి సేనాధిపతి జనరల్ డలేర్, రహస్య ఆయుధ నిల్వలను పట్టుకుంటామన్నారు. సమితి కార్యాలయం వద్దన్నది. ఏప్రిల్ నుండి అక్కడ లక్షలాది మంది హతులయ్యారు.

ఇస్లామీ ధర్మశాస్త్రంలో యుద్ధ నియమాలను చర్చించే భాగానికి ‘సియర్’ అని పేరు. ఇమామ్ ముహమ్మద్ షైబానీ (రహ్మలై) ఈ విషయంపై రచించిన గ్రంథానికి సర్‌ఖ్సీ వ్రాసిన వ్యాఖ్యానాన్ని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే అచ్చువేసింది. ఇక సూరె హుజురాత్ 9వ ఆయతు ముస్లిములలోని రెండు వర్గాలు పోరాడుకున్న సందర్భం గురించి చెబుతుంది. అందులో వరుస గమనార్హం: ముందు సంధి చేయాలి, ఒక వర్గం హద్దుమీరితే అది దారికి వచ్చేవరకు దానితో పోరాడాలి, దారికి వచ్చాక న్యాయంతో సంధి చేయాలి. అంటే బలప్రయోగానికి అనుమతీ ఉంది, హద్దూ ఉంది. పోరు ఆగిన తర్వాత న్యాయం చేయడం కూడా ఆ ఆజ్ఞలో భాగమే. 1948లో ఎన్నో గ్రామాలకు అందకుండా పోయింది ఈ చివరిదే.