క్రూయిజర్ చక్రం: పెరిగిన వెడల్పు, మారని వ్యాసం

మోటార్‌సైకిల్ చక్రానికి రెండు వ్యాసాలుంటాయి. టైరు బిగిసి కూర్చునే రిమ్ము వ్యాసం ఒకటి కాగా, రోడ్డును తాకే టైరు వెలుపలి అంచు వ్యాసం మరొకటి. కొనేవారు అంగుళాల్లో అడిగేది మొదటిదాన్నే అయినా, బండి నడకను శాసించేది రెండోది. తక్కువ ఎత్తు సీటు, పొడవాటి చట్రం, ముందుకు వాలిన ఫోర్కు గల క్రూయిజర్ బండ్లలో రిమ్ములు ఎన్నోసార్లు పెరిగి తరిగినా, వెనుక చక్రపు వెలుపలి వ్యాసం దాదాపు చెక్కుచెదరకపోవడం ఈ యంత్రభాగం చరిత్రలో గమనించదగిన విశేషం.

గాలి నింపిన చక్రానికి స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ విలియమ్ థామ్సన్ 1845లోనే పేటెంటు పొందినా అది వాడుకలో నిలవలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్లప్ దాన్ని స్వతంత్రంగా మళ్లీ రూపొందించి సైకిలుకు అమర్చిన తరువాతే వ్యాప్తిలోకి వచ్చింది. సైకిలు నుంచి పుట్టిన తొలి మోటార్‌సైకిళ్లకు ఎత్తైన, సన్నని చక్రాలే వారసత్వంగా దక్కాయి. గుంతల మట్టిబాటల మీద పెద్ద చక్రం తేలికగా దొర్లుతుంది గనుక అది ఆ కాలానికి సరిపోయింది. 1940 నాటికి హార్లే-డేవిడ్‌సన్ తన పెద్ద బండ్లకు 16 అంగుళాల రిమ్ము మీద 5 అంగుళాల లావు టైరును అందించసాగింది. ఆ కంపెనీ పెద్ద బండ్లకు 1958 దాకా వెనుక సస్పెన్షన్ లేనందున, అప్పటివరకు లావు టైరులోని గాలే స్ప్రింగు పని చేసింది. 1960లలో పాత బండ్లను కోసి కొత్త రూపంలో చాపర్ బండ్లను కట్టిన నిర్మాతలు ఇందుకు విరుద్ధంగా ముందువైపు 21 అంగుళాల సన్నని చక్రాన్ని బిగించగా, 1969 నాటి ‘ఈజీ రైడర్’ సినిమా ఆ రూపాన్ని ప్రపంచమంతటా చాటింది. 1990లో వచ్చిన హార్లే ఫ్యాట్ బాయ్ రెండు వైపులా 16 అంగుళాల నిండు పళ్లెపు చక్రాలతో మళ్లీ లావు వైపు మొగ్గింది.

ఈ మార్పుల లోగుట్టు టైరు పక్క మీది సంకేతంలో ఉంటుంది. 130/90-16 67 హెచ్ అన్నప్పుడు 130 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 90 అనేది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో తెలుపుతుంది. 16 రిమ్ము వ్యాసం. 67 అనేది 307 కిలోల బరువును మోయగలదనీ, హెచ్ అనేది గంటకు 210 కి.మీ. వేగాన్ని తట్టుకోగలదనీ చెప్పే గుర్తులు. రిమ్మును మిల్లీమీటర్లలోకి మార్చి, దానికి రెండు పక్కగోడల ఎత్తు కలిపితే వెలుపలి వ్యాసం సుమారు 640 మి.మీ. వస్తుంది. 180/65-16 టైరుకు లెక్క వేసినా 640 మి.మీ. వస్తుంది, 200/55-17కు 652 మి.మీ. 2018 ఫ్యాట్ బాయ్‌కు ముందు 160/60, వెనుక 240/40 టైర్లు 18 అంగుళాల రిమ్ముల మీద అమర్చారు. 160లో 60 శాతమైనా, 240లో 40 శాతమైనా 96 మి.మీ.లే గనుక రెండు చక్రాల వెలుపలి వ్యాసమూ 649 మి.మీ.గానే తేలుతుంది. అంటే వెడల్పు పెరిగినప్పుడల్లా పక్కగోడ శాతాన్ని తగ్గించి, అవసరమైనచోట రిమ్మును పెంచి వ్యాసాన్ని కాపాడుతూ వచ్చారన్నమాట.

అందుకు బలమైన కారణాలున్నాయి. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఎంత దూరం సాగుతుందన్నది వెలుపలి వ్యాసాన్ని బట్టే ఉంటుంది. అది 5 శాతం పెరిగితే గేర్ల నిష్పత్తి అంత మేరకు మారినట్లై లాగుడు తగ్గుతుంది. వెనుక చక్రం నుంచో గేర్‌బాక్సు నుంచో వేగాన్ని గ్రహించే స్పీడోమీటరు, అంతకుముందు సరిగ్గా చూపేదైతే, 100 చూపినప్పుడు అసలు వేగం 105 ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా, రెండు చక్రాల వేగాలనూ పోల్చి పనిచేసే ఏబీఎస్‌కూ ఈ తేడా చిక్కులు తెచ్చిపెట్టవచ్చు.

ముందు చక్రం విషయంలో లెక్క మరింత సున్నితమైనది. ఫోర్కు తిరిగే అక్షాన్ని ఊహగా నేలదాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటు దానికి కొంత వెనుక పడుతుంది. ట్రెయిల్ అనే ఈ దూరమే చక్రాన్ని తిన్నగా నిలుపుతుంది. 130/90-16 స్థానంలో 80/90-21 బిగిస్తే రిమ్ము 5 అంగుళాలు పెరిగినా వెలుపలి వ్యాసం పెరిగేది 37 మి.మీ. మాత్రమే, అంటే వ్యాసార్ధం పెరిగేది 18.5 మి.మీ. ఫోర్కు వాలు 32 డిగ్రీలైతే, ఆ కాస్త పెరుగుదల వల్లనే ట్రెయిల్ సుమారు 11.5 మి.మీ. పెరుగుతుంది, బండి ముందు భాగం లేవడంతో ఫోర్కు మరికొంత వాలి ఇంకాస్త కలుపుతుంది. దాంతో సూటి రోడ్డు మీద నిలకడ పెరిగినా, నెమ్మదిగా తిప్పేటప్పుడు హ్యాండిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది.

వెడల్పుకు మూల్యం మలుపులో చెల్లించాలి. బండి వాలినప్పుడు టైరు నేలను తాకే చోటు మధ్యగీత నుంచి వాలిన వైపుకు జరుగుతుంది గనుక, సమతూకం కోసం బండి ఇంకా వాలాల్సి వస్తుంది. గురుత్వకేంద్రం 600 మి.మీ. ఎత్తులో ఉండి, ముందు, వెనుక టైర్లకు ఒకే వెడల్పు, గుండ్రని అడ్డుకోత ఉన్నాయనుకుంటే, 30 డిగ్రీల వాలు కావలసిన మలుపులో 130 మి.మీ. టైరుకు అదనంగా మూడున్నర డిగ్రీలు, 240 మి.మీ. టైరుకు 7 డిగ్రీలు అవసరమవుతాయి. చాలా క్రూయిజర్ల పాదపీఠాలు 30 డిగ్రీల చేరువలోనే నేలను గీకుతాయి గనుక, లావు టైరు బండి అదే మలుపును తక్కువ వేగంతో తిరగక తప్పదు.

అందువల్ల కొలత ఎంచుకునేటప్పుడు బరువు, వేగాల గుర్తులు అసలువాటికి తగ్గకుండా చూడటం మొదటి మెట్టు, వెలుపలి వ్యాసాన్ని నిలుపుకోవడం రెండోది. రిమ్ము వెడల్పు మూడోది, 130 మి.మీ. టైరుకు 3 అంగుళాలు, 180కి 5 అంగుళాల చొప్పున రిమ్ము కావాలి, లేకుంటే ఇరుకు రిమ్ము మీద టైరు నడినెత్తి కూచిగా మారి నడక పాడవుతుంది. వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కూ, పక్కనే సాగే, చక్రాన్ని తిప్పే బెల్టుకూ తగలకుండా ఎడం మిగలడం నాలుగోది. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది గనుక ఆ నిబంధననూ ముందే చూసుకోవాలి. ఈ మెట్లన్నీ దాటిన తరువాత మిగిలే కొద్దిపాటి ఎంపికలోనే అందానికి చోటు. అందాన్ని ముందు పెట్టి మొదలుపెట్టినవారు చివరికి చట్రాన్నే మార్చుకోవాల్సి వస్తుంది.