అటామిక్ ఫోర్: దించాలా, ఉంచాలా?

విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓష్‌కాష్ పట్నానికి సముద్రం చాలా దూరం. అక్కడున్నది విన్నిబాగో సరస్సు. అమెరికా తెరచాప పడవల్ని ఒక తరం పాటు ఏలిన ఇంజిన్ మాత్రం ఆ ఊళ్లోనే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లైఫ్‌బోట్లలో వాడిన యుటిలిటీ ఫోర్ అనే పెట్రోలు ఇంజిన్ అక్కడి యూనివర్సల్ మోటార్ కంపెనీ చేసిందే. యుద్ధం ముగిశాక, 1947లో, దాని స్థానంలో ఆ కంపెనీ ఇంకో ఇంజిన్ తెచ్చింది. సరుకు ఏదైనా దానికి ‘అటామిక్’ అని తగిలించే మోజు నడుస్తున్న రోజులవి. అలా అది అటామిక్ ఫోర్ అయింది. 1984 దాకా దాదాపు 40,000 తయారయ్యాయి. వాటిలో వేల ఇంజిన్లు ఇప్పటికీ పడవల్లోనే ఉన్నాయి, యజమానుల చేత తిట్లు తింటూ, ముద్దులు పొందుతూ.

నాలుగు సిలిండర్లు, 1056 సీసీ. మన ప్రీమియర్ పద్మిని కారు ఇంజిన్ 1089 సీసీ అని గుర్తున్నవాళ్లకు దీని పరిమాణం ఊహకు అందుతుంది. బరువు 150 కిలోల చిల్లర, శక్తి 30 హెచ్‌పీ. వాల్వులు హెడ్‌లో కాకుండా సిలిండర్ల పక్కన బ్లాకులోనే నిలబడి ఉంటాయి. పైనున్న హెడ్ ఒట్టి ఇనప మూత. రాకర్ ఆర్ములు లేవు, పుష్‌రాడ్లు లేవు. పెట్రోలు కలిసిన గాలి పక్కనుంచి వచ్చి, మలుపు తిరిగి సిలిండర్లోకి చేరాలి కాబట్టి ఎక్కువగా నొక్కే వీలుండదు. ఇవాళ్టి కార్లలో పది రెట్లు నొక్కడం మామూలైతే దీంట్లో ఆరుకు కాస్త పైన, అంతే. అందువల్ల పెట్రోలు ఎక్కువే తాగుతుంది. కానీ నాసిరకం పెట్రోలుతోనూ నడుస్తుంది, అదురు తక్కువ, చప్పుడూ తక్కువ.

దీని అదృష్టం ఫైబర్‌గ్లాస్‌తో పండింది. 1959లో న్యూయార్క్ పడవల ప్రదర్శనకు పియర్సన్ కంపెనీ ట్రైటన్ అనే 28 అడుగుల పైచిలుకు పడవను తెచ్చింది. కొయ్యతో పనిలేకుండా అచ్చుల్లోంచి తీసే పడవలు మధ్యతరగతి అందుబాటులోకి రావడం మొదలైంది అప్పుడే. ట్రైటన్‌లోనూ, ఆ తర్వాత వచ్చిన కాటలీనా, టార్టన్, ఎరిక్‌సన్ పడవల్లోనూ అటామిక్ ఫోరే కూర్చుంది. పడవ గీసేవాళ్లు ఇంజిన్ గదిని దీని కొలతలకే గీసుకున్నారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ఆ పడవల వయసు యాభై, అరవై ఏళ్లు. ఇంజిన్ ఒక రోజు స్టార్ట్ అవుతుంది, మరుసటి వారం మొండికేస్తుంది. రేవులో పక్క పడవ ఆయన వచ్చి చూసి, “తీసి పారేసి డీజిల్ పెట్టించు” అంటాడు. నాకు ఆ సలహా మీద గౌరవం తక్కువ. మొండికేసిన అటామిక్ ఫోర్లలో చాలావాటికి రోగం ఇంజిన్ లోపల ఉండదు, చుట్టూ ఉంటుంది. ట్యాంకులో ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోలు, దాని అడుగున చేరిన నీళ్లు, జిగురు పట్టిన కార్బురేటర్, ఉప్పుగాలికి చిలుము పట్టిన వైర్ల కొసలు, అరిగిన డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకుంటే సగం స్టార్టింగ్ ట్రబుల్ పోయిందని సంబరపడే యజమానులు ఎందరో. వీటిలో ఏ ఒక్కదానికీ ఇంజిన్ దించక్కర్లేదు.

పడవ ఇంజిన్లు ఎక్కువగా చెడేది పనిచేసి కాదు, పనిలేక. తెరచాప పడవలో ఇంజిన్‌కు పని రేవు దాటేదాకా, మళ్లీ రేవు చేరేటప్పుడు. మిగతా కాలమంతా చెమ్మలో కూర్చోవడమే. వాల్వు కాడలు తుప్పుపట్టి గైడ్లలో బిగుసుకుపోతాయి. ఒక సిలిండర్ మిస్ కొడుతుంది, యజమాని ఇంజిన్ బోరుకొచ్చిందని బెంగపడతాడు.

నిజంగా బోరుకొచ్చిందో లేదో తేల్చేది కంప్రెషన్ పరీక్ష. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో రంధ్రంలో గేజ్ బిగించి సెల్ఫ్ కొడతారు. నాలుగింట్లోనూ ఒత్తిడి బాగా ఉండి, దాదాపు ఒకేలా ఉంటే లోపలి భాగాలకు ఢోకా లేనట్టే. ఒకదాంట్లో పడిపోతే ఆ రంధ్రంలో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. ఈసారి ఒత్తిడి పెరిగిందా, ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉన్న సందు మూసిందన్నమాట, తప్పు రింగులది. పెరగలేదా, వాల్వుది. పట్టేసిన వాల్వునైతే నూనె నానబెట్టి ఓపిగ్గా కదిలిస్తే చాలాసార్లు వదులుతుంది. వేల డాలర్ల నిర్ణయానికి ముందు ఈ చిన్న పరీక్ష చేయించనివాళ్లు ఎంతమందో చెప్పలేం.

అటామిక్ ఫోర్ అసలు శత్రువు ఉప్పునీరు. చాలా పడవల్లో దీనికి రేడియేటర్ లేదు. పంపు సముద్రపు నీటినే లాగి బ్లాకు చుట్టూ తిప్పుతుంది. ఆ నీరు చివరికి పొగతో కలిసి వెనక గొట్టంలోంచి బయటపడుతుంది. నీరు బాగా వేడెక్కితే అందులోని లవణాలు గోడలకు పొలుసులుగా అంటుకుంటాయి కాబట్టి థర్మోస్టాట్‌ను 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే పెడతారు. ఇంజిన్ ఎప్పుడూ తన ఇష్టం కన్నా చల్లగానే నడుస్తుంది. పోత ఇనుమూ, ఉప్పునీరూ, యాభై ఏళ్లూ కలిస్తే జరిగేది తెలిసిందే: దార్లు పూడుకుపోతాయి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను తుప్పు లోపల్లోపల తినేస్తుంది, హెడ్ విప్పబోతే స్టడ్లు విరిగి చేతికొస్తాయి. పూడికకు మందు ఉంది. పలుచని ఆమ్లం తిప్పి కడుగుతారు. ఆ తర్వాత హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టి, బ్లాకులో మంచినీళ్లే తిరిగేలా చేస్తే తుప్పు బాగా నెమ్మదిస్తుంది.

ఇదే నీరు ఇంకో విధంగానూ ఇంజిన్‌ను చంపుతుంది. స్టార్ట్ కాని ఇంజిన్‌కు ఆపకుండా సెల్ఫ్ కొడుతూ పోతే పంపు నీటిని తోడుతూనే ఉంటుంది. నీటిని బయటికి నెట్టాల్సిన పొగ మాత్రం పుట్టదు. మఫ్లర్ నిండుతుంది, నీరు వెనక్కి మళ్లి సిలిండర్లలోకే వస్తుంది. అందుకే ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే ముందు సముద్రపు నీటి వాల్వు కట్టేయాలి, ఇంజిన్ అందుకున్న మరుక్షణం తెరవాలి. ఈ ఒక్క అలవాటు లేక ‘పాత ఇంజిన్ పోయింది’ అనే పేరు తెచ్చుకున్న ఇంజిన్లు కొన్ని కావు. ఆయిల్ తెల్లగా పాలలా మారితే నీరు లోపలికి చేరినట్టు. వెంటనే ఆయిల్ మార్చి, సిలిండర్లు ఆరబెట్టి నడిపిస్తే బతుకుతుంది. వచ్చే ఆదివారం చూద్దామంటే బతకదు.

డీజిల్ పక్షం వాళ్లకు ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటెయ్యడం మర్యాద కాదు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పడవలో కారిన పెట్రోలు ఆవిరై, జారి అడుగున చేరుతుంది, కారులోలాగా కింద నుంచి బయటికి పోదు. సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. డీజిల్‌కు 50 డిగ్రీలు దాటాలి. అందుకే అమెరికాలో 1940 ఏప్రిల్ తర్వాత బిగించిన పెట్రోలు పడవ ఇంజిన్ల కార్బురేటర్‌కు మంటను ఆపే జాలీ ఉండి తీరాలి. స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు, ఆవిరిని బయటికి తోలే బ్లోయర్ నడపమని ఇంజిన్ దగ్గర హెచ్చరిక రాసి ఉంటుంది. ఈ క్రమశిక్షణ మన వల్ల కాదనుకునేవాళ్లు డీజిల్‌కు మారడమే మంచిది. ఇంజిన్ ఎంత బాగున్నా సరే.

అయితే మారడమంటే ఒక ఇంజిన్ తీసి ఇంకోటి పెట్టడం కాదు. పడవ గది ఈ ఇంజిన్ కొలతలకే గీసిందని చెప్పుకున్నాం. డీజిల్ ఇంజిన్ పాత దిమ్మల మీద సరిగ్గా కూర్చోదు, వాటిని కోసి మళ్లీ కట్టాలి. చాలా పడవల్లో అటామిక్ ఫోర్ ప్రొపెల్లర్ ఎడమవైపు తిరిగేది, గేరు తగ్గింపు లేకుండా ఇంజిన్ వేగంతోనే తిరుగుతుంది. డీజిళ్లు మామూలుగా కుడివైపు తిప్పుతాయి, రెడక్షన్ గేరుతో మెల్లగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్ అడుగుతాయి. కాబట్టి ప్రొపెల్లర్ మారాలి. ఆ పెద్దది పట్టేంత చోటు పడవ కింద ఉండాలి కూడా. వాడగా మిగిలిన డీజిల్ వెనక్కి రావడానికి ట్యాంకుకు ఇంకో గొట్టం కావాలి. ఫిల్టర్లు, ఎగ్జాస్ట్ గొట్టాలు, మీటర్ల ప్యానెల్, అన్నీ కొత్తవే. ఖర్చు సులువుగా పది వేల డాలర్లు దాటుతుంది. చాలా పాత పడవలు అమ్మితే అంత రావు.

పోనీ వేగమైనా పెరుగుతుందా అంటే, లేదు. ఇలాంటి బరువైన పడవ వేగాన్ని నిర్ణయించేది నీటిని తాకే దాని పొడవు. ఆ పొడవు అడుగుల్లో తీసుకుని, వర్గమూలం కట్టి, 1.34తో హెచ్చిస్తే గరిష్ఠ వేగం నాటుల్లో వస్తుంది. ట్రైటన్ నీటి పొడవు ఇరవైన్నర అడుగులు. లెక్క ఆరు నాటుల దగ్గర, అంటే గంటకు 11 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆపైన ఎంత శక్తి పోసినా పడవ తాను లేపిన అలనే ఎక్కలేక అక్కడే ఉంటుంది. అటామిక్ ఫోర్ 30 హెచ్‌పీ అయినా పడవలో వాడేది అందులో సగం కాస్త అటూఇటూ. అందుకే 15, 20 హెచ్‌పీ డీజిల్ దాని పని చేసేస్తుంది. తమాషా ఏమిటంటే, యూనివర్సల్ కంపెనీయే తర్వాత డీజిళ్లు అమ్మింది. వాటి బ్లాకులు కుబోటావి. గోదావరి డెల్టా పొలాల్లో నాట్లు వేసే యంత్రాల మీద కనిపించే పేరే అది.

కాబట్టి నా లెక్కలో నిర్ణయం బ్లాకుది. నీటి జాకెట్‌లోకి గాలి ఎక్కించి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడాలి. నిలవకపోతే, లోపలి గోడ చిల్లుపడి నీరు సిలిండర్లలోకి కారుతుంటే, ఆ బ్లాకు కోసం డబ్బు పోయడం దండగ. సముద్రాలు దాటే ఆలోచన ఉన్నవాళ్లు కూడా డీజిల్‌కే వెళ్లాలి. అదే ట్యాంకుతో ఎక్కువ దూరం పోవచ్చు, పెట్రోలు దొరకని చిన్న రేవుల్లోనూ చేపల పడవల డీజిల్ దొరుకుతుంది. వారాంతాల్లో అఖాతం లోపలే తిరిగే పడవకు, బ్లాకు గట్టిగా ఉంటే, మార్చడానికి నాకు కారణం కనబడదు.

విడిభాగాల చింత కూడా జనం అనుకున్నంత లేదు. మోయర్ మెరైన్ లాంటి చిన్న సంస్థలు గాస్కెట్ల నుంచి నీటి పంపుల దాకా కొత్తగా చేయించి అమ్ముతున్నాయి. వాళ్ల దగ్గర దొరకని పాత పోత భాగాలకు ఇంకో దారి ఉంది. డీజిల్‌కు మారినవాళ్లు దించేసిన అటామిక్ ఫోర్లు తుక్కుకు వెళ్లవు. కొన్ని పూర్తిగా విప్పి, బాగుచేసి, మళ్లీ అమ్ముడవుతాయి. మిగతావి క్రాంక్‌షాఫ్టుగా, హెడ్‌గా, ఫ్లైవీల్‌గా విడిపోయి, మార్చకూడదని నిశ్చయించుకున్నవాళ్ల పడవల్లోకి చేరుతాయి.