కార్తె చూసి నారు, తిథి చూసి పోటు: దివిసీమ రైతుకి పంచాంగం ఎలా పనికొస్తుంది?

కార్తెల మీద పెట్టిన వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు: "సాగుకి తిథి చూడాలా, కార్తె చూడాలా?" వీడియోలో గబగబా చెప్పింది ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

మన మోపిదేవి షష్ఠినే తీసుకోండి. మార్గశిర శుద్ధ షష్ఠి. 2022లో నవంబర్ 29న వచ్చింది. 2023లో డిసెంబర్ 18కి పోయింది. 2024లో డిసెంబర్ 7, 2025లో నవంబర్ 26. షష్ఠి నాటికి కోతలు అయిపోవాలని లెక్క పెట్టుకుంటే ఒక్క ఏడాదిలోనే 19 రోజుల తేడా వచ్చింది. కార్తె అలా కాదు. అనూరాధ ఏటా నవంబర్ 19, 20కే వస్తుంది. జ్యేష్ఠ డిసెంబర్ 2, 3కే.

తిథి చంద్రుడిది, కార్తె సూర్యుడిది, అంతే తేడా. చంద్రుడి 12 నెలలు కలిపితే 354 రోజులే. ఏడాదికి 11 రోజులు వెనకబడి, రెండున్నరేళ్లు దాటాక అధికమాసం వేసి సరిచేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అందుకే ఆ ఏడు షష్ఠి అంత ఆలస్యం. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు. అలాంటివి 27. ఎండ, పగటి పొడుగు సూర్యుడితోనే కదా మారేది! (కార్తెలు కూడా జరుగుతాయి, కాకపోతే 72 ఏళ్లకి ఒక్క రోజు. దానికి కంగారు పడక్కర్లేదు.)

దేశీ వరి వేసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. కొత్త రకాలు చాలావరకు రోజులు లెక్కపెట్టి ఈనుతాయి. పాత దేశీ రకాలు చాలా వాటికి పగలు తగ్గితేనే పొట్ట వస్తుంది. ఊడ్పులు నెల ఆలస్యమైనా ఈనేది ఇంచుమించు అదే కార్తెలో. అంటే పైరుకి పిలకలు వేసే టైమే తగ్గిపోతుంది. "విత్తనం మంచిది కాదండీ" అని మనం విత్తనాన్ని తిట్టుకుంటాం. మన సీమకి నీళ్లు పులిగడ్డ అక్విడక్టు దాటి రావాలి, కాలవ చివరికి ఎప్పుడొస్తాయో మృగశిర చెప్పదు. కాబట్టి చెరువో బోరో ఉన్నవాళ్లు కాలవ కోసం చూడకుండా నారుమడి పోసుకోండి. ఆలస్యమైతే మొక్కలు దగ్గర దగ్గరగా నాటండి. మీ రకం ఏ కార్తెలో ఈనిందో ఏటా రాసుకోండి. కోత, దాని ముందు చల్లే మినుము, అన్నీ ఆ తేదీ మీదే ఉంటాయి.

మరి తిథి పండగలకేనా? మెట్ట ఊళ్లలో అయితే అంతేనేమో. సముద్రం పక్కనున్న నాగాయలంక, కోడూరు వాళ్లకి తిథి అంటే పోటు గడియారం. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు ఎక్కువ. అష్టమి దగ్గర తక్కువ. పోటు వేళ మురుగు కాలవ లాగదు, పైగా ఉప్పునీరు ఎదురెక్కుతుంది. కాబట్టి చేలో నీళ్లు తీసేది ఆటు వేళ.

లెక్క కూడా తేలికే. రోజుకి 60 ఘడియలు, నెలకి 30 తిథులు. భాగిస్తే తిథికి 2 ఘడియలు. ఘడియ 24 నిమిషాలు కాబట్టి పోటు రోజుకి సుమారు 48 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ రోజు మీ కాలవ దగ్గర పోటు ఎన్నింటికో ఒక్కసారి చూసుకుంటే వారం రోజులది మీరే చెప్పేయొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఇది మామూలు పోటు లెక్క. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చింది అమావాస్యకీ కాదు, పౌర్ణమికీ కాదు, కార్తీక శుద్ధంలో అష్టమి దాటాక. పోటు తక్కువగా ఉండాల్సిన రోజులవి. ఆ నీటిని తెచ్చింది తుఫాను గాలి. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ కూడా జ్యేష్ఠ కార్తెలో, సరిగ్గా కోతల మీదే వచ్చింది. స్వాతి నుంచి జ్యేష్ఠ దాకా కోతకి ముహూర్తం చూసేవాళ్లు ముందు వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి, పనల మీద వరి ఉంటే ఇంకానూ.