పైసా రాని పని... ఏడాది పొడవునా!

"అందులో రాస్తే ఎంతిస్తరమ్మా?"

తెలుగు వికీపీడియాలో రాస్తున్నానని చెప్పగానే మా మేళ్లచెరువులో ఎవరైనా ముందు అడిగేది ఇదే. ఏమీ ఇవ్వరు. వ్యాసం కింద మన పేరు కూడా పడదు. 'చరిత్ర' అన్నచోట నొక్కితే ఎవరు ఏ రోజున ఏ ముక్క రాశారో తెలుస్తుంది, అంతే. "మరెందుకు రాయడం?" అనేది రెండో ప్రశ్న. నాకూ మొదట్లో ఆ సందేహం ఉండేది లెండి.

వికీపీడియా ఇంగ్లీషులో 2001 జనవరిలో మొదలైంది. మన తెలుగుది 2003 డిసెంబరు 10న పుట్టింది. ఖర్చులు చూసుకునేది వికీమీడియా ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. అది నడిచేది విరాళాల మీద. రాసేది మాత్రం ఉద్యోగులూ, విద్యార్థులూ, రిటైరైన పెద్దలూ, నాలాంటి గృహిణులూ. తెలుగులో వ్యాసాలు లక్ష దాటాయంటే ఇలాంటి తీరిక చేసుకునే చేతుల చలవే.

మా ఊరి పేజీ తెరిచి చూస్తే జనాభా ఎంత, ఇళ్లెన్ని, ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు అన్న జనగణన అంకెలే ఎక్కువ. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలొచ్చినప్పుడు మేం నల్లగొండ నుంచి సూర్యాపేటలోకి వెళ్లాం. మా మండలం నుంచి చింతలపాలెం మండలం విడిపోయింది. ప్రభుత్వం ఒక్క సంతకంతో మార్చింది గానీ, వికీలో ఊరూరి పేజీలో జిల్లా పేరు దిద్దాల్సి వచ్చింది వాలంటీర్లకి! ఓపికంటే వాళ్లదే.

నేను పూర్తిగా పని చేసిన మొదటి సంవత్సరం 2024. ఆ జనవరిలో తెవికీ ఇరవయ్యేళ్ల పండుగ విశాఖపట్నంలో జరిగింది. ఇల్లు వదిలి మూడు రోజులు వెళ్లడమంటే మనకి తేలికా? వెళ్లలేదు. మార్చిలో మాత్రం భలే కలిసొచ్చింది. మహాశివరాత్రీ, మహిళా దినోత్సవమూ ఒకే రోజున, మార్చి 8న వచ్చాయి. మా శంభులింగేశ్వరస్వామి జాతరంటే ప్రభలూ, ఎడ్ల పందేలూ, ఇసక వేస్తే రాలని జనం. మా ఆడపడుచూ నేనూ ఫోన్లతో ఫొటోలు తీసి వికీమీడియా కామన్స్‌లో పెట్టాం. అక్కడ పెట్టిన ఫొటోని ఎవరైనా వాడుకోవచ్చు, పుస్తకంలో వేసి అమ్ముకోవచ్చు కూడా. మన పేరు చెబితే చాలు. "మన ఫొటోతో వాళ్లు సంపాదించుకుంటారా!" అని మా వారు ముఖం చిట్లించారు. ఊరి జాతర అందరిదీ కదండీ, ఫొటో మాత్రం మనదొక్కరిదే ఎందుకవ్వాలి?

ఎండాకాలం అంతా వికీసోర్స్‌తో గడిచింది. అక్కడ పాత పుస్తకాల పేజీలు బొమ్మలుగా ఉంటాయి. యంత్రం చదివిన అక్షరాల్లో తప్పులు మనం దిద్దాలి. దిద్దితే పేజీకి పసుపు రంగు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. కుక్కర్ మూడు కూతలు కూసేలోగా ఒక పేజీ అయిపోతుంది. రచయిత చనిపోయి అరవయ్యేళ్లు దాటితే మన చట్టం ప్రకారం ఆ పుస్తకం అందరి సొత్తు.

అసలు చిక్కు వానాకాలంలో వచ్చింది. మా వీధిలో డెబ్బయ్యేళ్లు దాటిన అవ్వ ఒకావిడ ఉంది. నాట్లప్పుడు పాడే పాటలు, ఏ పాట పొద్దున, ఏది పొద్దువాలినాక అన్నది కూడా చెబుతుంది. ఇది రాయొచ్చా అని చర్చా పేజీలో అడిగాను. మర్యాదగానే జవాబొచ్చింది: "ఎక్కడ అచ్చయింది? మూలం చూపండి." అవ్వ చెప్పిందంటే చాలదు. నియమం మంచిదే, లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు రాసేస్తారు. కానీ ఆడవాళ్లకి తెలిసిన దాంట్లో ఎంత అచ్చయిందంటారు? రాసేవాళ్లలోనూ మనం తక్కువే. 2011లో ప్రపంచవ్యాప్తంగా వికీ రచయితలను సర్వే చేస్తే పదిమందిలో ఒక్కరు కూడా స్త్రీ లేదని తేలింది.

ఈ బాధ కొత్తది కాదు. భండారు అచ్చమాంబ బడికి వెళ్లలేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. గొప్ప స్త్రీల కథలు ఒకచోట లేవని తానే వెతికి, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు. మాకు దగ్గరి మునగాల సంస్థానంలో దివానుగా చేసిన ఆయన, తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టి మూడు సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశారు. తెలుగు వికీపీడియన్లు ఆయన పేరిట పురస్కారం ఇచ్చారు. అక్కగారి పేరిట కూడా ఒకటి ఉంటే బావుండుననిపిస్తుంది నాకు.

అవ్వ విషయానికొస్తే, రెండు దారులు దొరికాయి. బిరుదురాజు రామరాజు, నాయని కృష్ణకుమారి లాంటి వారు జానపద గేయాలమీద పరిశోధన చేసి పుస్తకాలు వేశారు. వాటిలో ఉన్నంత వరకూ మూలం చూపి రాయొచ్చు. రెండోది, అవ్వ పాడుతుంటే ఆమె అనుమతితో రికార్డు చేసి కామన్స్‌లో పెట్టొచ్చు. దసరా సెలవుల్లో మా అమ్మాయి ఫోన్ పట్టుకుంటే అవ్వ నాలుగు పాటలు పాడింది. అయిదోది సగంలో మరిచిపోయింది. "పోయినేడు అడిగితే మొత్తం చెప్పుదు బిడ్డా" అంది. ఆ పాట తెలిసిన తోటి కూలీలెవరూ ఇప్పుడు లేరట.

డిసెంబరు 10న తెవికీ పుట్టినరోజని మా ఇంట్లో నలుగురం కూర్చున్నాం. పులిహోర తప్ప హంగామా ఏమీ లేదు. ముగ్గురు కొత్తగా ఖాతాలు తెరిచారు. మీలో ఎవరికైనా భయముంటే ఒక మాట: అక్కడ అసలు పేరు చెప్పనక్కర్లేదు, ఊరు చెప్పనక్కర్లేదు, ఫొటో పెట్టనక్కర్లేదు. ముందు మీ ఊరి పేజీలో ఒక అచ్చుతప్పు దిద్దండి చాలు. నచ్చిన పేరు మీరే పెట్టుకోవచ్చు. మావాళ్లకి ఖాతా తెరవడానికి పట్టింది రెండు నిమిషాలు, పేరు ఎంచుకోవడానికి పట్టింది మధ్యాహ్నమంతా!