మానని పుండ్లు – స్టెరాయిడ్ మందులు

సామర్లకోట పరిసరాల్లో వరిచేలలో దిగేవారికి కాలికి ముల్లో, కొడవలి మొనో తగలడం వింత కాదు. ఆరోగ్యవంతునికి చిన్న గాయమైతే కొద్ది రోజుల్లో మానిపోతుంది. ఉబ్బసానికో, కీళ్లవాతానికో ఏళ్ల తరబడి ప్రెడ్నిసొలోన్ వంటి మాత్రలు వాడుతున్నవారికి అదే గాయం వారాల తరబడి పచ్చిగా ఉండిపోవచ్చు.

చర్మం తెగగానే రక్తం గడ్డకడుతుంది. పిమ్మట తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి క్రిములను, చచ్చిన కణజాలాన్ని తొలగిస్తాయి. మనకు కనిపించే ఎరుపు, వాపు, వేడి ఈ పని తాలూకు గుర్తులే. అనంతరం కొన్ని కణాలు కొల్లాజెన్ అనే మాంసకృత్తును పీచులా అల్లుతాయి. దానిపై కొత్త చర్మం పరచుకుంటుంది. స్టెరాయిడ్ల పనే వాపును అణచడం. ఉబ్బసంలో ప్రాణం కాపాడే ఆ గుణమే ఇక్కడ తొలిమెట్టును అడ్డుకుంటుంది. కొల్లాజెన్ తగ్గుతుంది, చర్మం పలుచనవుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. పైగా చీము పట్టినా ఎరుపు, జ్వరం అంతగా కనిపించవు. రోగి నిశ్చింతగా ఉంటాడు, లోపల పుండు ముదురుతుంది.

అలాగని ఇది నిందించవలసిన మందు కాదు. ఈ కోవకు చెందిన హార్మోన్ల పరిశోధనకు 1950లో కెండల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు నోబెల్ బహుమతి లభించింది. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల మరణాలను డెక్సామెథాసోన్ తగ్గిస్తుందని 2020లో బ్రిటన్‌లో తేలింది. మరుసటి ఏడు స్టెరాయిడ్లను అవసరానికి మించి వాడిన చోట, మధుమేహం తోడై, బ్లాక్ ఫంగస్ మన రాష్ట్రంలోనూ ఎందరినో బాధించింది. కాకినాడ పెద్దాసుపత్రి దగ్గరలోనే ఉన్నా, మోకాళ్ల నొప్పికి పేరు లేని పొట్లాలు, తామరకు చీటీ లేకుండా కొన్న పూతమందులు వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటిలో స్టెరాయిడ్ ఉన్నదీ లేనిదీ ఎవరు చెప్పాలి?

గాయం మానలేదని మాత్రను ఒక్కసారిగా ఆపరాదు. చాలాకాలం వాడినవారిలో అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుని ఉంటాయి. హఠాత్తుగా మానితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలుగవచ్చు. మోతాదును డాక్టరే క్రమంగా తగ్గించాలి. శస్త్రచికిత్సకు ముందు కూడా ఈ సంగతి తప్పక చెప్పాలి.

కొందరు పెద్దలు వుజూ కోసం కట్టు విప్పి పుండును కడుగుతారు. షరీఅత్ అది కోరలేదు. నీరు తగిలితే హాని అని వైద్యుడు చెబితే కట్టుపై తడిచేత్తో మసహ్ చేస్తే చాలు, మిగతా అవయవాలు కడుక్కోవాలి. మధుమేహులు కాలివేళ్ల సందుల్లో తడి తుడుచుకోవాలి. మాత్ర వేళను సహరీకో, ఇఫ్తార్‌కో మార్చవచ్చునేమో రంజాన్‌కు ముందే డాక్టరును అడగాలి. కుదరదంటే రోజాను తర్వాతి దినాలకు వాయిదా వేసుకోవచ్చు; కోలుకునే ఆశ లేని దీర్ఘరోగికి ఫిద్యా ఉంది.