మీకు తెలుసా? నీట మునిగిన కారుకు తాళం తిప్పడమే ప్రమాదం

వరదలో మునిగిన కారు ఇంజిన్ చాలాసార్లు దెబ్బతినేది నీళ్లు తగ్గాక, స్టార్ట్ చేయబోయినప్పుడే!

• పెట్రోల్ ఇంజిన్‌లో పిస్టన్ గాలిని సుమారు పదో వంతుకు కుదిస్తుంది. నీరు అలా కుదించుకోదు. సిలిండర్‌లో నీరుంటే పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ఇదే హైడ్రోలాక్.

• 2024 సెప్టెంబరు బుడమేరు వరద విజయవాడతో పాటు గుడివాడ పక్కనున్న నందివాడ మండలాన్నీ ముంచింది. అలాంటప్పుడు తాళం జోలికి పోకుండా బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఎయిర్ ఫిల్టర్ తడిస్తే బండిని లారీ ఎక్కించి షెడ్డుకు చేర్చండి. ప్లగ్గులు విప్పి, నీరు బయటికి పంపి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి.

• హైడ్రోలాక్ నష్టానికి మామూలు బీమా సాధారణంగా వర్తించదు. ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి.