సర్పంచి ఎన్నికల ఖర్చు ఊరికి తెలియాలి

తెలంగాణలో 2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. జనాభా 5,000 దాటిన ఊళ్లో సర్పంచి అభ్యర్థి 2.5 లక్షలకు, వార్డు మెంబరు అభ్యర్థి 50 వేలకు మించి ఖర్చు పెట్టకూడదు. అంతకన్నా చిన్న ఊళ్లో ఆ పరిమితి 1.5 లక్షలు, 30 వేలు. ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ అందరూ ఎంపీడీవో కార్యాలయంలో లెక్క అప్పజెప్పాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు, గెలిచినవాళ్లకు పదవే పోతుంది. చట్టం కటువుగానే ఉంది. అయితే ఆ లెక్క చేరేది మండలాఫీసు ఫైల్లోకి, అదీ ఓట్లు పడిపోయాక. ఎవరి డబ్బుతో పోటీ చేస్తున్నారో తెలియాల్సింది ఓటరుకు, తెలియాల్సింది పోలింగుకు ముందు. అది జరగనంత కాలం ఎన్నికల ఖర్చు మీద మనకున్న నిఘా సగమే.

చిన్న ఎన్నికకు ఇంత పట్టింపు ఎందుకంటారేమో. తెలంగాణలో సర్పంచి గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు. అయిదేళ్లకు కూడబెడితే 3.9 లక్షలు. పెద్ద ఊళ్లో పరిమితి మేరకు ఖర్చు పెట్టినవాళ్లకే అందులో సగానికి పైగా అప్పటికే చేతులు దాటిపోయినట్టు. పరిమితిని గాలికొదిలి లక్షలకు లక్షలు కుమ్మరించిన చోట ఆ సొమ్ము గౌరవ వేతనంతో తిరిగి రాదు. సీసీ రోడ్డు పనిలోనో, మురుగుకాల్వ బిల్లులోనో, కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లోనో, ఇంటి అనుమతిలోనో వసూలు కావాలి. అందుకే ఎంత ఖర్చయిందన్న ప్రశ్న కన్నా ఎవరిచ్చారన్న ప్రశ్న ముఖ్యం. చేబదులిచ్చిన కాంట్రాక్టరు, ఊరి పొలిమేరలో వెంచరు వేసిన వ్యాపారి రేపు పంచాయతీ గడప తొక్కినప్పుడు, సర్పంచి ఆయనకు బాకీపడి ఉన్న సంగతి గ్రామసభకు తెలియాలి. అభ్యర్థుల ఆస్తులు, కేసులు తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. పార్టీలకు డబ్బు ఎక్కడినుంచి వస్తోందో తెలియడం కూడా ఓటరుకు అవసరమంటూ 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లను కొట్టేసింది. ఈ న్యాయం ఢిల్లీ దగ్గర ఆగిపోకూడదు. పైగా గ్రామపంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. వెనక నుంచి ఏ పార్టీ నాయకుడు సాయం చేసినా అది పార్టీ ఖాతాలో వెతికితే దొరికేది కాదు.

అసలు డబ్బు రాత్రిపూట నోట్ల రూపంలో పంచుతారు, అది ఏ కాగితం మీదికీ ఎక్కదు కదా అన్నది మొదటి అభ్యంతరం. నిజమే, కవర్లో పెట్టి పంచిన నోటును ఎవరూ లెక్కలో రాయరు. కానీ ఊళ్లో దాగని ఖర్చు చాలా ఉంది. మైకు కట్టిన ఆటో ఎన్ని రోజులు తిరిగిందో, బస్టాండు దగ్గర ఎన్ని ఫ్లెక్సీలు లేచాయో, ఎవరి తోటలో ఎన్ని పూటలు బిర్యానీ వండారో ఊరంతా చూస్తుంది. శాసనసభ నియోజకవర్గంలో ఇదంతా కనిపెట్టడానికి వ్యయ పరిశీలకులు, వీడియో బృందాలు, ఒక్కో వస్తువుకు ముందే కట్టిన ధరల పట్టిక కావాలి. రెండు వేల ఓట్ల ఊళ్లో ఓటర్లే పరిశీలకులు. అభ్యర్థి ‘భోజనాలు: 3,000’ అని రాసిన కాగితం పంచాయతీ గోడ మీద అంటిస్తే, ఆ భోజనం తిన్నవాళ్లే దాన్ని తప్పుపట్టగలరు. అదే కాగితం మండలాఫీసు బీరువాలో ఉంటే తప్పుపట్టేవాళ్లుండరు. మామూలుగా వేటు పడేది లెక్క ఇవ్వనివాళ్ల మీదే. తప్పుడు లెక్క ఇచ్చినవాళ్లు దర్జాగా బయటపడుతున్నారు. ఇది నాకు మింగుడుపడని అన్యాయం.

వేలంపాట ఏకగ్రీవాల సంగతి ఇంకా ఘోరం. గుడికో బడికో ఇస్తామని లక్షలు పాడి పదవి దక్కించుకుంటే పోలింగే ఉండదు, ప్రచారం ఖర్చు సున్నా అని లెక్క చూపవచ్చు. నామినేషన్ నాటికి ఊరికిచ్చిన, ఇస్తామన్న ప్రతి రూపాయీ లెక్కలోకి రావాలని నిబంధన పెడితే తప్ప ఈ బేరం బయటపడదు.

చదువు తక్కువున్న కూలి మహిళ వార్డు మెంబరుగా నిలబడితే ఈ కాగితాలన్నీ ఎక్కడ నింపుతుందన్నది మరో అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసుకోను. గడువు దాటి అనర్హులయ్యే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఇలాంటివాళ్లకే. కాబట్టి వార్డు మెంబరుకు ఒక్క పేజీ ఫారం చాలు, నింపిపెట్టే బాధ్యత మండల సిబ్బందిది కావాలి. చందా ఇచ్చినవాళ్ల పేర్లు బయటపెడితే ఓడిన పక్షమో గెలిచిన పక్షమో కక్ష కడుతుందన్న భయమూ ఉంది. ఊళ్లో ఉండే మనుషులకు అది ఉత్త భయం కాదు. దానికి విరుగుడు పరిమితి పెట్టడమే. అయిదొందలు, వెయ్యి ఇచ్చిన రైతు పేరు అక్కర్లేదు. వేలల్లో, లక్షల్లో ఇచ్చినవాళ్ల పేరు మాత్రం దాచకూడదు. అంత పెట్టినవాళ్లకు ఊరి పనుల్లో ఆసక్తి ఏమిటో తెలుసుకునే హక్కు ఊరికుంది.

రాష్ట్ర ఎన్నికల సంఘం ఈ మార్పులు తెచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. శాసనసభ అభ్యర్థుల ఖర్చు లెక్కలను ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలే చెబుతున్నాయి. మీ సర్పంచి లెక్కకు సమాచార హక్కు చట్టం ఉంది. మీ ఎంపీడీవో కార్యాలయంలో ఒక దరఖాస్తు ఇవ్వండి, గెలిచినవాళ్లవీ ఓడినవాళ్లవీ లెక్కల నకళ్లు అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన కాగితాన్ని గ్రామసభలో అందరి ముందూ చదివించండి.